పైనుంచి ఎండిన వేపలు: కాప్రాలో ఒక ఎండు తెగులు కేసు

హైదరాబాద్‌లో కాప్రా వైపు ఒక పాత కాలనీ. ఇళ్లు కట్టిన కొత్తలోనే రోడ్డుకి రెండు పక్కలా వేసిన వేపచెట్లు పద్నాలుగు ఉన్నాయి, అన్నీ ముప్పై ఏళ్లు దాటినవే. పార్కు గోడ వెంట హరితహారంలో పెట్టిన చిన్న వేపలు ఇంకో తొమ్మిది. 2023 నవంబర్‌లో కాలనీ సెక్రటరీ గారు ఫోన్ చేసి, "సార్, మా చెట్లన్నీ పైనుంచి మాడిపోతున్నాయి, ఎవరో యాసిడ్ పోశారని కొందరంటున్నారు, ఒకసారి వచ్చి చూడండి" అన్నారు. అప్పటికే చెట్లు కొట్టే కాంట్రాక్టర్ వచ్చి చెట్టుకింత అని రేటు చెప్పి వెళ్లాడట. ఆ రేటు విన్నాకే నాకు ఫోన్ చేశారని తర్వాత తెలిసింది, అది వేరే సంగతి.

ఇలాంటి ఫోన్లు ఏటా అక్టోబర్ నుంచి జనవరి దాకా వస్తూనే ఉంటాయి. 2021లో తెలంగాణ అంతటా వేపలు ఒక్కసారిగా ఎండుముఖం పట్టినప్పుడు పేపర్లలో, టీవీల్లో బాగా వచ్చింది, అప్పట్నుంచి వేప కొస ఎండితే చాలు జనానికి టెన్షన్. ఈ కేసే ఎందుకు రాస్తున్నానంటే, ఒకే కాలనీలో మూడు వేర్వేరు సమస్యలు కలగలిసి ఉన్నాయి. పైగా అందరూ ఏ చెట్లు చచ్చాయనుకున్నారో అవి బతికాయి, పచ్చగానే ఉంది కదా అని ఎవరూ కన్నెత్తి చూడని చెట్టే మనుషుల మీద పడేలా తయారైంది.

చెట్ల దగ్గరికి వెళ్లకముందు ఒక మూడంతస్తుల ఇంటి మేడ ఎక్కి బైనాక్యులర్స్‌తో చూశాను. పెద్ద వేపని కింద నిలబడి తలెత్తి చూస్తే సగం సంగతే తెలుస్తుంది. ఎండు ఒక పక్కే ఉందా చుట్టూ ఉందా, కొసల్లో ఉందా కొమ్మ మొదలు నుంచీ ఉందా అన్నది పైనుంచే సరిగ్గా కనపడుతుంది. ఇక్కడ చుట్టూ ఉంది. ప్రతి కొమ్మ చివరా జానెడు నుంచి మూరెడు దాకా ఆకులు ఎండి, రాలకుండా వేలాడుతున్నాయి, వాటి వెనక లోపలి ఆకులు మాత్రం శుభ్రంగా పచ్చగా ఉన్నాయి. పద్నాలుగింటిలో పన్నెండు ఇంతే. ఒకటి దాదాపు బాగుంది. ఇంకొకటి, తొమ్మిదో నంబరని రాసుకున్నది, వేరేగా ఉంది, దాని సంగతి కింద రాస్తాను. యాసిడ్ కథ మేడ మీదే తేలిపోయింది. మొదట్లో ఎవరైనా ఏదైనా పోస్తే ఆ ఒక్క చెట్టు వాడుతుంది గానీ, రోడ్డు పొడుగునా పన్నెండు చెట్లకి కొసలు మాత్రమే వరసగా మాడవు.

ఆ ఏడాది వానల తీరు కూడా గుర్తు చేసుకోవాలి. జూలై ఆఖర్లో రాష్ట్రమంతా దంచికొట్టింది. ఆగస్టు దాదాపు పొడిగానే పోయింది, సెప్టెంబర్‌లో మళ్లీ పట్టుకుంది. నెల రోజులు ఎండి మళ్లీ తడిసిన వేప గుత్తులు గుత్తులుగా లేత చిగురు తొడుగుతుంది. ఎండు తెగులు ఫంగస్‌కి కావలసింది సరిగ్గా అదే, లేత చిగురు, దాని మీద గంటల తరబడి ఆరని తడి.

ఇక దగ్గరగా. నిచ్చెన వేయించి ఒక ఎండు రెమ్మని మూరెడు పొడుగున కోయించి, కొస దగ్గర్నుంచి గోరుతో బెరడు గీక్కుంటూ కిందికి వచ్చాను. కొసన లోపల కాఫీపొడి రంగు, పొడిపొడిగా రాలుతోంది. నాలుగు వేళ్లు దిగాక గోధుమరంగు పక్కనే సన్నటి పచ్చని గీత కనపడింది, ఇంకో రెండు వేళ్లు దిగాక బెరడు కింద మొత్తం లేతాకుపచ్చ, వేలికి తడి తగులుతోంది. చచ్చిన భాగం ఎక్కడ ఆగిందో, బతికిన భాగం ఎక్కడ మొదలైందో వేలు పెట్టి చూపించొచ్చు. సెక్రటరీ గారి చేతికే ఇచ్చి గీకమన్నాను. ఈ గోరు పరీక్షకి రూపాయి ఖర్చు లేదు, అయినా చెట్టు కొట్టేద్దామని తీర్మానం చేసేవాళ్లలో ఒక్కరు కూడా చేసి చూడరు. అదే రెమ్మని అడ్డంగా కోసి కూడా చూశాను, లోపలి కర్రలో నల్లటి చుక్కలు గానీ వలయం గానీ లేవు, తెల్లగా ఉంది. దీని అవసరం కాసేపట్లో వస్తుంది.

ఎండిన బెరడు మీద పది రెట్లు పెద్దగా చూపించే భూతద్దం పెడితే సూదిమొనంత నల్లటి బొడిపెలు, బెరడుని లోపలి నుంచి పొడుచుకుని వచ్చినవి, వందల కొద్దీ ఉన్నాయి. అవి ఫంగస్ బీజాలు తయారయ్యే గదులు. కానీ ఎండిన పుల్ల మీద నల్ల చుక్కలు చాలా రకాల ఫంగస్‌లకి ఉంటాయి, పుల్ల చచ్చాక చేరేవి కూడా ఉంటాయి, అందుకని అంతటితో పేరు పెట్టేయకూడదు. చచ్చిన, బతికిన భాగాలు కలిసే చోటు నుంచి ముక్కలు కోసి, నీళ్లతో కడిగి, మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో తడిపిన టిష్యూ పేపర్ పరిచి దాని మీద పెట్టాను. ఇది ఎవరైనా ఇంట్లో చేసుకోవచ్చు, ఎండ తగలకుండా ఉంచితే చాలు. కొద్ది రోజుల్లో ఆ నల్ల బొడిపెల్లోంచి లేత మీగడ రంగులో సన్నటి తీగలు మెలికలు తిరుగుతూ బయటికి వచ్చాయి. ఆ తీగ మొత్తం బీజాలే, జిగురుతో అతుక్కుని ఉంటాయి. వాన చినుకు పడగానే ఆ జిగురు కరిగి, చినుకుతో పాటు చింది పక్క రెమ్మకి చేరతాయి. ల్యాబ్‌లో మైక్రోస్కోప్ కింద పెడితే రెండు రకాల బీజాలు కనిపించాయి, ఒకటి కోలగా, లోపల రెండు నూనె బొట్లతో, ఇంకొకటి దారప్పోగులా సన్నగా కొస వంగి. ఫోమోప్సిస్ అని చెప్పడానికి ఇది చాలు. వేప మీద ఈ జబ్బు తెచ్చేది ఫోమోప్సిస్ అజాడిరాక్టే. 1990ల్లోనే డెహ్రాడూన్ వైపు, మైసూరు వైపు వేపల మీద దీన్ని గమనించి రాశారు, 2021లో మన రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు చెప్పింది కూడా ఈ ఫంగస్ పేరే. ఆకుతో, రెమ్మతో ఆగదు, పూతనీ మాడ్చేస్తుంది, కాయనీ కుళ్లబెడుతుంది, విత్తనంలో కూడా దాక్కుంటుంది.

ఇంతవరకూ ఫంగస్. కానీ పార్కు గోడ వెంట ఉన్న చిన్న చెట్లలో ఇంకో తేడా కనపడింది. వాటి చిగుళ్లలో కొన్ని ముదరకముందే నల్లబడి వాలిపోయాయి, లేత కాడ మీద నూనె అంటినట్టు పొడుగాటి మచ్చలు, మచ్చ దగ్గర చిన్న జిగురు బొట్లు. ఇది టీ దోమ పని. పేరులో దోమ ఉంది గానీ నిజానికి నల్లి జాతి పురుగు, జీడిమామిడి తోటలవాళ్లకి, జామ వేసేవాళ్లకి బాగా తెలిసినదే. ఎండెక్కాక కనపడదు, తెల్లారే వెళ్లి చిగుళ్ల అడుగున వెతికితే దొరికింది. సన్నటి ఒళ్లు, ఒంటికంటే పొడుగు మీసాలు, వీపు మీద గుండుసూది ఆకారంలో నిటారుగా నిలబడిన ఒక చిన్న ముల్లు. ఆ ముల్లు చూస్తే ఇక అనుమానం అక్కర్లేదు. ఇది రసం పీలుస్తూ కాడలోకి విషపు లాలాజలం వదులుతుంది, ఆ చోటు మాడిపోతుంది. పురుగు ఒక్కటే అయితే లేత కొస వరకే ఎండుతుంది, కర్రబారిన భాగంలోకి దిగదు. అది చేసిన గాయంలోంచి ఫంగస్ దూరితే మాత్రం ఎండు కిందికి నడుస్తుంది. రెండూ ఒకే కాలంలో, ఒకే చిగురు మీద ఉంటాయి గనక, జిగురు బొట్లున్నాయా లేదా, ఎండు కర్రలోకి దిగిందా లేదా అని రెండూ చూడకుండా మందు కొంటే డబ్బులు దండగ.

వేప ఆకు మీద వచ్చే మిగతా ఫంగస్‌లతో పెద్ద గొడవ లేదు. ఆకు మీద చుక్కలు పడి, మధ్యలో ఎండి రాలి చిల్లులు పడితే అది ఆకుమచ్చ, పిండి చల్లినట్టుంటే బూడిద తెగులు. రెండూ రెమ్మని చంపవు, వాటి కోసం పెద్ద చెట్టుకి ఏమీ చేయక్కర్లేదు.

తర్వాత కాలనీ మీటింగ్. తలా ఒక మాట. ఒక పెద్దాయన, రిటైరయిన ఇంజనీరు, అమెరికాలో, టెక్సస్ రాష్ట్రం ఆస్టిన్‌లో ఉన్న వాళ్లబ్బాయిని వీడియో కాల్‌లో పెట్టారు. ఆ అబ్బాయి ఫోటోలు చూసి, "అంకుల్, ఇది మా దగ్గర ఓక్ విల్ట్ లాంటిదే, ఒక చెట్టుకి వస్తే అన్నిటికీ పాకుతుంది, వెంటనే తీసేయండి" అన్నాడు. అతను చెప్పిన జబ్బు నిజమే. టెక్సస్‌లో ఓక్ అనే పెద్ద చెట్లకి వచ్చే ఈ వాడు తెగులు, ఓక్ విల్ట్, మహా దుర్మార్గమైనది. ఆ ఫంగస్ మానులో నీళ్లు మోసే గొట్టాల్లోకి దిగి వాటిని మూసేస్తుంది, రెడ్ ఓక్ రకాలు కొన్ని వారాల్లోనే పోతాయి, లైవ్ ఓక్‌లైతే భూమిలో వేళ్లు ఒకదాంతో ఒకటి అతుక్కుపోయి ఉంటాయి గనక వేరులోంచే పక్క చెట్టుకి వెళ్తుంది. అందుకే అక్కడ చెట్ల మధ్య లోతుగా కందకం తవ్వి వేళ్లు తెంపుతారు, ఫిబ్రవరి నుంచి జూన్ దాకా కొమ్మలు కొట్టొద్దంటారు, కోసిన చోట వెంటనే పెయింట్ పూయమంటారు. మన వేప జబ్బు నీటి గొట్టాలది కాదు, వేళ్లలోంచి పాకేదీ కాదు, కొస నుంచి కిందికి దిగేది. రెమ్మని అడ్డంగా కోసి చూసింది అందుకే, గొట్టాల జబ్బయితే లోపలి కర్రలో నల్లటి చుక్కలో వలయమో కనపడేది. పోల్చాలంటే ఓక్‌లోనే ఆంత్రాక్నోజ్ అని ఇంకో ఆకు జబ్బుంది, దాంతో పోల్చాలి. చల్లటి తడి వసంతంలో కింది కొమ్మల ఆకులు ఈనెల వెంట మాడి ముడుచుకుపోతాయి, చూస్తే చెట్టు పోయిందనే అనిపిస్తుంది, వాతావరణం వేడెక్కి ఆరగానే మళ్లీ చిగురేసి తేరుకుంటుంది. పెద్ద ఓక్‌లకి దానికోసం మామూలుగా మందు కొట్టరు. వేపది అంతకంటే కాస్త మొండిది, కర్రలోకి దిగుతుంది, ఏటేటా వస్తే చెట్టు నీరసిస్తుంది, అయినా ఒక సీజన్‌కే ఆరోగ్యంగా ఉన్న ముప్పై ఏళ్ల చెట్టుని చంపడం నేను చూడలేదు.

ఆ మీటింగ్‌లో అందరికంటే సరైన మాట చెప్పింది పార్కులో మాలి పని చేసే ఆమె. టీలు ఇస్తూ, "ఏం గాదు సారూ, పోయినేడు గూడ గిట్లనే ఎండినయి, ఉగాదికి మల్ల ఇగురు పెట్టినయి" అంది. ఎవరూ వినలేదు. నేను నోట్‌బుక్‌లో రాసుకున్నాను, ఎందుకంటే పోయినేడు కూడా వచ్చిందన్న సమాచారం నాకు అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు.

ఇప్పుడు తొమ్మిదో నంబరు చెట్టు. దూరం నుంచి చూస్తే కొసలు ఎండలేదు. ఫోటోలో అన్నిటికంటే బాగున్నట్టే ఉంటుంది. కానీ ఆకులు చిన్నవిగా, పలచగా ఉన్నాయి, ఒక పక్క కొమ్మలు లేత పసుపుకి తిరిగాయి, కొత్త చిగురే లేదు. చిగురు లేదు గనకనే దానికి ఎండు తెగులు పెద్దగా పట్టలేదు. కింద చూస్తే మాను చుట్టూ ఎవరో ముచ్చటపడి సిమెంటు అరుగు కట్టించారు, కూర్చోవడానికి. ఆ అరుగుకీ మానుకీ మధ్య సందులోంచి అరచేతి వెడల్పున గోధుమరంగు, మెరిసే పైభాగం, తెల్లటి అంచు ఉన్న గట్టి పుట్టగొడుగు ఒకటి బయటికి వచ్చి ఉంది, దాని కింద ఇంకా చిన్నవి రెండు. గానోడెర్మా. ఇది వేళ్లనీ మొదలునీ లోపలి నుంచి కుళ్లబెట్టే ఫంగస్, పైకి బయటపడేసరికి లోపల చాలా పని అయిపోయి ఉంటుంది. చెక్క సుత్తితో మాను చుట్టూ కొట్టుకుంటూ వస్తే రోడ్డు వైపు బోలు శబ్దం. ఆ చెట్టు కిందే రెండు కార్లు పార్కింగ్, సాయంత్రం పిల్లలు ఆ అరుగు మీదే. మన దగ్గర ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం పూట గాలివానలు ఎలా వస్తాయో హైదరాబాద్‌లో ఉండేవాళ్లకి చెప్పక్కర్లేదు. నా రిపోర్ట్‌లో మొదటి పేరా ఈ చెట్టు గురించే. కొట్టించాల్సింది ఈ ఒక్కటే, అది కూడా వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతి తీసుకునే, ఈలోపు కింద పార్కింగ్ ఆపి, అరుగుకి తాడు కట్టండి అని రాశాను. ఎండిన పన్నెండు చెట్ల గురించి అడిగితే పచ్చని చెట్టు కొట్టమంటున్నాడేంటి అని ఒకాయన నా మొహం మీదే అన్నారు. అంటారు, అలవాటే.

మందు దగ్గరికొస్తే, అప్పటికే ఎవరో షాపుకెళ్లి రెండు ప్యాకెట్లు తెచ్చిపెట్టారు. ఒకటి కార్బెండజిమ్, ఒకటి థయోఫానేట్ మిథైల్, ఒకటి కొట్టాక వారం ఆగి రెండోది మార్చి కొట్టమని షాపాయన చెప్పాడట. మందు మార్చి కొట్టడం మంచి సూత్రమే. కానీ థయోఫానేట్ మిథైల్ మొక్కలోకి వెళ్లాక కార్బెండజిమ్‌గానే మారుతుంది, చొక్కా మార్చుకొచ్చిన అదే మనిషి. ఫంగస్ ఒకదానికి అలవాటుపడితే రెండోదానికీ పడినట్టే. రెండో సంగతి, ఈ మందు చెట్టులో నీటితో పాటు పైకి పోతుందే గానీ పైనుంచి కిందికి దిగదు. ఎండిన కొస మీద కొడితే ఆ కొస బతకదు, దిగి లోపలున్న ఫంగస్‌నీ పట్టుకోదు. ఆకు ఎండింది చూశాక నవంబర్‌లో మందు కొట్టడమంటే చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే. కొడితే గిడితే చిగురు వచ్చే ముందూ, వచ్చేటప్పుడూ కొట్టాలి.

మరి వచ్చే సీజన్‌లోనైనా పెద్ద చెట్లకి కొడదామా అంటే, వద్దన్నాను. నలభై అడుగుల వేప కొసలన్నీ తడవాలంటే పవర్ స్ప్రేయర్‌తో చెట్టుకి డ్రమ్ముడు నీళ్లు పోయాలి, దాంట్లో సగం ఎదురింటి కిటికీల్లోకి, ఆరేసిన బట్టల మీదికి, మూత సరిగ్గా లేని సంపుల్లోకి పోతుంది. పల్లెలో పొలం గట్టు మీద ఒంటరి చెట్టుకి ఆలోచించొచ్చు, ఇళ్ల మధ్య కుదరదు. పెద్ద చెట్లకి కొసలు కత్తిరించే పని కూడా పెట్టుకోవద్దన్నాను, వేల కొసలుంటాయి, వాటికోసం మనుషుల్ని ఎక్కిస్తే ఉన్న మంచి కొమ్మలు విరుగుతాయి. మణికట్టు కంటే లావుగా ఎండిపోయి మనిషి మీద పడే ప్రమాదం ఉన్న కొమ్మలు మాత్రం పొడి వాతావరణంలో, జనవరిలో తీయించాం. అది కూడా మొదట్లో ఉబ్బుగా ఉండే మెడ వదిలి కోయాలి, మానుకి ఆనించి చదునుగా కోస్తే ఆ గాయం మూసుకోదు.

పెద్ద చెట్ల కోసం చేసిన అసలు పనంతా నేల మీద జరిగింది. పేవర్ బ్లాకులు మాను దాకా పరిచేశారు, చుక్క నీరు దిగదు. 2013లో ఢిల్లీ చెట్ల విషయంలో జాతీయ హరిత ట్రిబ్యునల్ మాను చుట్టూ మీటరు మేర కాంక్రీటు తీసేయమని ఆదేశించింది, అదే లెక్క ఇక్కడా పట్టించాను. బ్లాకులు ఎత్తి, గట్టిపడిన మట్టిని వేళ్లు తెగకుండా పైపైన వదులు చేసి, కాలనీలో రోజూ ఊడ్చి కాల్చేసే ఆకుల్నే (ఎండు రెమ్మలు ఏరేశాక) పాదులో నాలుగు వేళ్ల మందాన పరిపించాను, మానుకి తగలకుండా జానెడు వదిలి. ఆకులు చెట్టు కిందే కుప్పపోసి తగలబెట్టడం ఆపించాను, ఆ వేడికి మొదలు బెరడు కాలిన గుర్తులు మూడు చెట్లకి ఉన్నాయి. మేకులు, సీరియల్ లైట్ల తీగలు తీయించాను. ఇంకొకటి, పార్కులో లాన్ కోసం సెప్టెంబర్‌లో యూరియా చల్లుతున్నారు. ఆ యూరియా పక్కనున్న వేపలకీ అందుతుంది, సరిగ్గా టీ దోమ వచ్చే నెలలో మెత్తటి లేత చిగురు తన్నుకొస్తుంది. అది మానిపించడానికి మందు కొట్టొద్దని ఒప్పించిన దానికంటే ఎక్కువ వాదించాల్సి వచ్చింది.

చిన్న చెట్ల లెక్క వేరు. అవి చేతికందుతాయి, ఎండు రెండు మూడేళ్లు వరసగా దిగితే నడినెత్తి పోయి గుబురు పొదలా మిగులుతాయి. తొమ్మిదిలో ఏడింటికి ఉంది. డిసెంబర్‌లో, వాన భయం పోయాక, గోరుతో గీకి పచ్చదనం ఎక్కడ మొదలైందో చూసి, అక్కడి నుంచి జానెడు కిందికి వచ్చి, ఒక పక్క రెమ్మ దగ్గర కోయించాను. ఒక చెట్టు అయ్యాక ఇంకో చెట్టుకి వెళ్లేముందు కట్టర్ బ్లేడుని స్పిరిట్‌తో తుడవాలి. మాలి ఆమెకి చిన్న సీసాలో పోసిచ్చాను, ఒక్కసారి కూడా మర్చిపోలేదు. వేలు కంటే లావు కోతలకి కాపర్ ఆక్సీక్లోరైడ్‌ని నీళ్లతో చిక్కటి లేపనంగా కలిపి పూశాం. మైలుతుత్తం, సున్నం చేతిలో ఉన్నవాళ్లు ఒక్కోటి కిలో చొప్పున పది లీటర్ల నీళ్లకి కలిపి బోర్డో పేస్ట్ చేసుకోవచ్చు, ప్లాస్టిక్ బకెట్‌లోనే, ఇనుప బకెట్‌లో కాదు. కోసిన రెమ్మల్ని మాత్రం చెట్టు కింద వదలొద్దు. ఎండు పుల్ల మీదున్న ఆ నల్ల బొడిపెలు మళ్లీ వాన పడే దాకా ఓపిగ్గా కూర్చుంటాయి. గోనె సంచుల్లో నింపి పార్కు మూలన గుంత తీసి లోతుగా పూడ్పించాను.

2024 జూన్‌లో వానలు మొదలవగానే ఈ చిన్నవాటికి మాత్రం కాపర్ ఆక్సీక్లోరైడ్ లీటరుకి 3 గ్రాములు, సెప్టెంబర్ చిగురు మీద కార్బెండజిమ్ లీటరుకి 1 గ్రాము ఒక్కసారి. టీ దోమ కనపడితేనే, జీడిమామిడిలో వాడే లాంబ్డా సైహలోత్రిన్ లీటరుకి 0.6 మిల్లీలీటర్లు. గాలి లేని సాయంత్రం, పార్కు గేటు వేసి, మాస్కూ గ్లౌజులూ వేసుకుని. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా ఏదీ కొట్టకూడదని రిపోర్ట్‌లో ఎర్ర అక్షరాలతో పెట్టాను. ఆ నెలల్లో వేప మీద తేనెటీగలుంటాయి, ఉగాది పచ్చడికి కాలనీ అంతా ఆ చెట్ల పువ్వే దులుపుకుంటారు. వేపపువ్వు మీద పురుగుమందు పడితే అది నేరుగా మన పళ్లెంలోకే వస్తుంది.

2024 ఉగాది ఏప్రిల్ 9న. మార్చి మధ్య నుంచే పన్నెండు పెద్ద చెట్లూ చిగురేశాయి, పండక్కి చాలావాటికి పువ్వు కూడా వచ్చింది, కొంచెం తక్కువగానే. ఎండిన కొసల కింద నుంచి రెండేసి మూడేసి కొత్త రెమ్మలు రావడంతో కొన్ని చెట్లు ముందుకంటే గుబురుగా కనపడ్డాయి. ఒక చెట్టుకి మాత్రం ఒక పెద్ద కొమ్మ చిగురించలేదు, దాన్ని తీయించాం. తొమ్మిదో నంబరుకి అనుమతి వచ్చాక ముక్కలు ముక్కలుగా దించారు. మొదలు కోస్తే నడుమ ఒక బకెట్ పట్టేంత ఖాళీ, చుట్టూ మెత్తబడిన తెల్లటి పీచు, గట్టి కర్ర మిగిలింది నాలుగు వేళ్ల మందమే, అది కూడా ఒక పక్కే. పచ్చని చెట్టు కొట్టమంటున్నాడేంటని నా మొహం మీదే అన్నాయన ఆ ముక్కని ఫోటో తీసి కాలనీ గ్రూపులో పెట్టారు.

2024 సెప్టెంబర్ మొదట్లో ఖమ్మాన్ని ముంచిన వానలు గుర్తున్నాయిగా, హైదరాబాద్‌లోనూ గట్టిగానే పడింది. అక్టోబర్‌లో కొసలు మళ్లీ ఎండాయి. ముందే చెప్పాను గనక ఈసారి ఎవరూ కంగారుపడి ఫోన్ చేయలేదు, ఫోటోలు పంపారంతే. మేడ మీద అదే చోటు నుంచి, అదే నెలలో తీయమన్నాను కాబట్టి పక్కపక్కన పెట్టి చూడొచ్చు. పాదులు తీసిన చెట్లలో ఎక్కువ భాగం తక్కువే ఎండాయి, మూడు మాత్రం ముందటేడులాగే ఉన్నాయి. వానల తీరు వేరు, చెట్ల వయసు ఒకటే కాదు, పాదు తీయడం వల్లే తగ్గిందని రెండేళ్ల ఫోటోలతో చెప్పను. చిన్నవాటిలో ఏడుకి ఐదు నిలబడ్డాయి. పోయిన రెండింటిలో ఒకటి పీకి చూస్తే వేళ్ల చుట్టూ నర్సరీ నల్ల పాలిథిన్ సంచి అలాగే ఉంది. సంచి చింపకుండా నాటేశారు, వేళ్లు అందులోనే గుండ్రంగా చుట్టుకుని ఉన్నాయి. దానికి ఏ మందు కొట్టినా ఒకటే.

ఆ ఖాళీల్లో ఏం పెట్టాలన్నది ఇంకా తేలలేదు. నేను కానుగా నేరేడూ కలిపి పెట్టమన్నాను, రోడ్డంతా ఒకే జాతి ఉంటే ఒక్క ఫంగస్‌కి దారంతా భోజనమే. బోనాలకి వేపమండలు కావాలి, ఉగాదికి పువ్వు కావాలి, వేపే పెడదామని లేడీస్ అంతా ఒక్క మాట మీద ఉన్నారు, సెక్రటరీ గారు వాళ్ల వైపే. సరే, వేపే పెట్టినా విత్తనంతోనే ఈ ఫంగస్ రావచ్చు కాబట్టి నర్సరీలో మొక్క ఎంచేటప్పుడు నడినెత్తి కొస ఎండిందా, కాడ మీద నల్ల బొడిపెలున్నాయా చూసి తెమ్మని, మండలు కావాలంటే విరవకుండా కట్టర్‌తో కోసుకోమని, నాటేముందు సంచి చింపమని రాసిచ్చి వచ్చాను.